వృద్ధాశ్రమంలో మన పెద్దవాళ్ళను హింసిస్తున్నారని అనుమానం వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని వృద్ధాశ్రమాల్లో, నెలకింత అని కట్టించుకునే కేర్ హోమ్‌లలో అమ్మనో నాన్ననో ఉంచినవాళ్ళ కోసం ఈ పేజీ. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాయి కాబట్టి కింద ఇచ్చిన ఆ రెండిటి సెక్షన్లూ కొత్తవే. అన్నిటికన్నా ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మొదట ఆసుపత్రి, తర్వాత పోలీస్ స్టేషన్, ఆశ్రమం వాళ్ళతో మాటలు ఆ తర్వాతే. చాలా కుటుంబాలు ఈ వరుసను తిరగేస్తాయి. ఆఫీసు గదిలో మేనేజర్‌తో గొడవ పడి ఇంటికొచ్చి, నాలుగు రోజులు ఆలోచించి అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తాయి. ఈలోగా మచ్చలు మాసిపోతాయి, రిజిస్టర్లు కొత్తగా రాసుకుంటారు.

అమ్మ చేతుల మీద కమిలిన మచ్చలున్నాయి. అడిగితే "పడిపోయింది" అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

వయసు మీరాక చర్మం పల్చబడుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్ళకు మంచం అంచు తగిలినా కములుతుంది. కాబట్టి మచ్చ ఉందా లేదా అన్నదానికన్నా అది ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది అన్నది చూడాలి. మామూలుగా తగిలే దెబ్బలు మోచేతుల కింద, మోకాళ్ళ మీద, కాలి ముందెముక మీద పడతాయి. చెవి వెనుక, మెడ మీద, భుజం కింద లోపలి వైపు, వీపు మీద, తొడల లోపల ఉన్నవాటిని అనుమానించాలి. పై చేతికి ఒక వైపు బొటనవేలంత మచ్చ, రెండో వైపు వరసగా మూడు నాలుగు చిన్న మచ్చలు ఉంటే ఎవరో గట్టిగా పట్టుకున్నారని అర్థం. రెండు మణికట్లకూ చుట్టూ గీత పడినట్టుంటే గుడ్డతోనో తాడుతోనో మంచానికి కట్టి ఉండొచ్చు.

మచ్చ రంగును బట్టి "ఇది మూడు రోజులది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. రంగుతో వయసు కచ్చితంగా కట్టలేమని ఫోరెన్సిక్ డాక్టర్లే అంటారు. పడిపోయింది అంటున్నారు కదా, అయితే ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ పడింది, ఎవరు లేపారు, ఏ డాక్టరుకు చూపించారు, మీకు ఫోన్ ఎందుకు చేయలేదు అని అడగండి. నిజంగా పడి ఉంటే ఈ ప్రశ్నలకు జవాబులు రిజిస్టర్‌లో ఉండాలి. ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే ఆ మాటలను తేదీ, టైమ్ వేసి అలాగే రాసి పెట్టుకోండి.

దెబ్బలేమీ కనిపించడం లేదు. అయినా మనిషి బాగా పాడైపోయాడు. ఇదీ హింసేనా?

అవును. మనం ఎక్కువగా పట్టించుకోనిది దీన్నే. తిండి, నీళ్ళు సరిగా పెట్టకపోవడం, డైపర్ గంటల తరబడి మార్చకపోవడం, పిలిచినా రాకపోవడం, మత్తు మందిచ్చి పడుకోబెట్టడం అన్నీ హింస కిందికే వస్తాయి.

నెలలో ఒంటి బరువు నూటికి ఐదు వంతులు తగ్గితే, అంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, డాక్టరుకు చూపించాల్సిందే. నాలుక ఎండిపోయి, మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంటే నీళ్ళు చాలడం లేదు. డైపర్ తడుస్తుందనో, పదే పదే మార్చాలనో నీళ్ళు తగ్గించి ఇచ్చే ఆయాలు ఉంటారు. సోడియం, యూరియా, క్రియాటినిన్ పరీక్షల్లో ఆ సంగతి తేలుతుంది. ఏ వేళకు వెళ్ళినా మనిషి మగతగానే ఉంటే ఏ మందు, ఎంత మోతాదు, ఏ డాక్టర్ రాశారు అని అడగండి. లొరాజెపామ్, క్వెటియాపిన్, హాలోపెరిడాల్ లాంటివి డాక్టర్ చీటీ లేకుండా ఇస్తుంటే అది తీవ్రమైన విషయం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వారాల తరబడి ఇస్తున్న నిద్రమాత్రలను మీరే ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పడుతూ, లేనివి చెబుతుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు. మూత్ర పరీక్ష చేయించండి. అలాగని ఇన్‌ఫెక్షన్ ఉందని తేలగానే ఆమె చెప్పినదంతా భ్రమ అని కొట్టిపారేయకండి.

మంచం పుండ్లు వచ్చాయి. "ఈ వయసులో మామూలే" అంటున్నారు.

మామూలేమీ కాదు. ఒకే చోట బరువు పడి రక్తం ఆడక వచ్చే పుండ్లు ఇవి. నడుము కింద తోక ఎముక దగ్గర, మడమల మీద, తుంటి మీద వస్తాయి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, ఏ వేళకు తిప్పారో చార్టులో రాయాలి. ఆ చార్టు అడగండి. చివరి దశలో ఉన్న కొద్దిమందికి ఎంత చూసుకున్నా పుండ్లు రావచ్చు. అయితే లోపలి కండ కనిపించేదాకా మీకు చెప్పలేదంటే దానికి ఏ సాకూ సరిపోదు. పుండు పక్కన చిన్న స్కేలు పెట్టి ఫొటో తీయండి.

ఇంటికి తెచ్చాక పసుపు, బూడిద, పౌడర్ ఏవీ వేయకండి. మధ్యలో రంధ్రమున్న గాలి రింగు మీద కూర్చోబెట్టకండి, దాని అంచు దగ్గర రక్తం ఇంకా ఆగిపోతుంది. గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ మేలు. కిడ్నీ జబ్బు లేకపోతే గుడ్డు, పాలు, పప్పు పెంచండి. మాంసకృత్తులు అందకపోతే పుండు మానదు.

అనుమానం వచ్చిన రోజే ఏం చేయాలి?

ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 108కి, ఎవరైనా అడ్డుపడుతుంటే 112కి ఫోన్ చేయండి. అంత అత్యవసరం కాకపోతే "డాక్టర్‌కు చూపించి తీసుకొస్తాం" అని మాత్రం చెప్పి బయటికి తీసుకురండి. ఎందుకు, ఏమిటి అని అక్కడ వాదించకండి. బయల్దేరేముందు మందులు, చీటీలు, కేసు ఫైలు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, ఏటీఎం కార్డు, ఫోను, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, వినికిడి మిషన్ తీసుకోండి. మందుల స్ట్రిప్పులను ఖాళీవి కూడా పారేయొద్దు. చిరిగినా, మరకలున్నా ఒంటి మీది బట్టలను ఉతక్కుండా పేపరు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో తేమకు బూజు పడుతుంది. లైంగిక హింస అనుమానం ఉంటే స్నానం చేయించకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మేనేజర్ కాగితం ముందు పెట్టి సంతకం అడిగితే పూర్తిగా చదవండి. "మా ఇష్టపూర్వకంగా తీసుకెళ్తున్నాం, మాకు ఏ ఫిర్యాదూ లేదు" అన్న వాక్యం ఉంటే దాన్ని కొట్టేసి, తీసుకెళ్తున్న తేదీ, టైమ్ మాత్రం రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకుండానే తీసుకురండి.

బాకీ కట్టేదాకా పంపం అంటున్నారు.

బాకీ కోసం మనిషిని ఆపే హక్కు ఎవరికీ లేదు. అది అక్రమ నిర్బంధం, న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం. 112కి ఫోన్ చేసి ఇదే మాట చెప్పండి. పోలీసులు కదలకపోతే ఆర్డీవోకు అర్జీ పెట్టండి. సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆయన సురక్షా సంహిత 100వ సెక్షన్ కింద సెర్చ్ వారెంట్ ఇచ్చి మనిషిని బయటికి తెప్పించగలరు. పెద్దాయనకు వైకల్యం ఉంటే దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 7వ సెక్షన్ కూడా ఉంది. బంధువే కానక్కర్లేదు, ఎవరు సమాచారం ఇచ్చినా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ రక్షణ చర్యలు తీసుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే చాలదా?

చికిత్సకు చాలు. కేసు దృష్ట్యా ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి మేలు. క్యాజువాలిటీలో "ఇది దాడి అని అనుమానం, ఎమ్మెల్సీ రాయండి" అని స్పష్టంగా అడగండి. ఎమ్మెల్సీ అంటే మెడికో లీగల్ కేసు. డాక్టర్ ప్రతి గాయం కొలతలూ, చోటూ రిజిస్టర్‌లో రాసి ఆసుపత్రి అవుట్‌పోస్టు ద్వారా పోలీసులకు సమాచారం పంపుతారు. ఆ నంబరు రాసుకోండి. తర్వాత పోలీసులు తెప్పించుకునే ఊండ్ సర్టిఫికెట్‌కు, అంటే గాయాల ధ్రువపత్రానికి, అదే ఆధారం.

ఆ సర్టిఫికెట్‌లో గాయం సాధారణమా తీవ్రమా అని రాస్తారు. కేసు బలమంతా ఆ ఒక్క మాట మీద ఉంటుంది. ఎముక విరిగినా, పన్ను ఊడినా, పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉన్నా, పదిహేను రోజులు తన పనులు తాను చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. కాబట్టి "నడుము నొప్పి" అంటుంటే ఎక్స్‌రే తీయకుండా ఇంటికి రాకండి. పెద్ద వయసువాళ్ళలో పక్కటెముకల చీలిక, వెన్నుపూస నలగడం పైకి కనిపించవు. తల మీద దెబ్బ ఉండి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే సీటీ స్కాన్ అడగండి.

ఫొటోలు, వీడియోలు కోర్టులో చెల్లుతాయా?

చెల్లుతాయి, జాగ్రత్తగా తీసి ఉంచితే. ప్రతి గాయానికీ రెండు ఫొటోలు తీయండి. ఒకటి మొహం, గాయం రెండూ పడేలా దూరం నుంచి, ఇంకొకటి స్కేలో రూపాయి బిళ్ళో పక్కన పెట్టి దగ్గర నుంచి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్లు లేకుండా తీయాలి. మరుసటి రోజు, మూడో రోజు మళ్ళీ తీయండి, కమిలిన మచ్చ రెండో రోజుకే బాగా తేలడం మామూలు. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోయి తేదీ వివరాలు పోతాయి. అసలు ఫైలు ఆ ఫోనులోనే ఉంచి, ఆ ఫోను మార్చకుండా, అమ్మకుండా దాచండి. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌కు అది కావాలి.

ఆశ్రమంలోని సీసీటీవీ మీద ఆశ పెట్టుకుంటే తొందరపడాలి. రికార్డరు నిండగానే పాతదాని మీద కొత్తది పడుతుంది, చాలా చోట్ల పదిహేను, ముప్పై రోజులకే. ఏ తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా కావాలో రాసి, చెరపకుండా ఉంచమని స్పీడ్ పోస్టులో ముట్టినట్టు రసీదుతో ఉత్తరం పంపండి. ఒక నకలు పోలీసు ఫిర్యాదుకు జతచేసి, సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద తెప్పించమని కోరండి. గదిలో మీరే రహస్యంగా కెమెరా పెట్టడం వద్దు. పక్క మంచం మీది మనిషికి బట్టలు మార్చేది కూడా అందులో పడితే మీరే కేసులో ఇరుక్కుంటారు.

నాన్నకు మతిమరుపు. ఆయన మాటను ఎవరు నమ్ముతారు?

నమ్మేలా అడగడం మన చేతిలో ఉంది. "నిన్ను కొట్టారా? ఆ పొట్టివాడేనా?" అని మాట అందించకండి. అలా అడిగితే ఆయన అవునంటారు, రేపు ఎదుటి లాయరు ముందు కాదనీ అంటారు. "ఇక్కడ ఏమైంది నాన్నా?" అని అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి ఎంతసేపు పట్టినా ఆగండి. ఇంట్లో ఒక్కరే అడగాలి, ఒకటి రెండుసార్లే అడగాలి. వచ్చిన మనిషికల్లా మళ్ళీ మళ్ళీ చెప్పిస్తే మాట మారుతుంది, ఆయన భయమూ పెరుగుతుంది. ఆయన ఏ యాసలో, ఏ మాటలతో చెప్పారో అవే రాయండి, మీరు దిద్దకండి.

మాటలు అసలే రాని స్థితిలో ఉంటే ఒళ్ళు చెబుతుంది. ఫలానా ఆయా రాగానే చేతులు అడ్డం పెట్టుకోవడం, స్నానం అనగానే వణకడం, దుప్పటి లాగితే ముడుచుకుపోవడం. ఇవి చూసిన తేదీలు రాసి పెట్టండి.

పోలీసులకు ఫిర్యాదు ఎలా రాయాలి? తీసుకోకపోతే?

ఎప్పుడు, ఎక్కడ, ఏం గాయం, మొదట ఎవరు చూశారు, పెద్దావిడ ఏమన్నారు, ఆశ్రమం వాళ్ళు ఏం చెప్పారు, ఆ డ్యూటీలో ఎవరున్నారు, ఎమ్మెల్సీ నంబరు ఎంత అన్నవి ఉంటే చాలు, పేజీన్నర మించదు. కోపంలో ఒక్క అబద్ధం కలిపినా మిగతా నిజాలన్నీ దాంతోపాటే పోతాయి. పేరు తెలియకపోతే "రాత్రి డ్యూటీ ఆయా, వయసు నలభై పైన" అని రాయండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి.

"మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలైతే, డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపాక కేసు పెట్టవచ్చు. తీసుకోనే తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, కమిషనరేట్‌లో అయితే డీసీపీకి. అప్పటికీ కాకపోతే 175(3) సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టు.

"ఇది నాన్ కాగ్నిజబుల్" అన్న మాట స్టేషన్‌లో తరచుగా వింటారు. అందులో కొంత నిజం ఉంది. న్యాయ సంహితలో సాధారణ గాయానికి 115(2), నిస్సహాయులను చూసుకుంటానని ఒప్పందం చేసుకుని వదిలేసినందుకు 357 సెక్షన్లలో మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే మిగతా సంగతులు కూడా ఫిర్యాదులో రాయాలి. కట్టేశారా, గదిలో పెట్టి తాళం వేశారా, ఎముక విరిగిందా, నగలు పోయాయా. వైకల్యం ఉన్న మనిషికి కావాలని తిండి, నీళ్ళు ఇవ్వకపోతే దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఈ సెక్షన్ చాలామందికి గుర్తుండదు, మీరే గుర్తుచేయండి. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఉంటే జతచేయండి.

పెద్దవాళ్ళను వాంగ్మూలం కోసం స్టేషన్‌కు తిప్పనక్కర్లేదు. అరవై దాటిన మగవాళ్ళనూ, ఏ వయసు ఆడవాళ్ళనైనా, దివ్యాంగులనూ ఇంటి దగ్గరే విచారించాలని సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది.

పోలీసులు కాక ఇంకెవరికి చెప్పాలి?

14567 ఎల్డర్‌లైన్, వృద్ధుల కోసం ఉన్న ఉచిత నంబరు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. ఆశ్రమం మీద తనిఖీ కావాలంటే కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 అమలు జిల్లాలో కలెక్టరు బాధ్యతే. సోమవారం తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. అక్కడ ఇస్తే అర్జీకి నంబరు పడుతుంది. నర్సులు, సెలైన్లు, మంచాలతో ఆసుపత్రిలా నడిపే చోటైతే రిజిస్ట్రేషన్ ఉందో లేదో డీఎంహెచ్‌వోను (జిల్లా వైద్య, ఆరోగ్య అధికారిని) అడగండి. లాయరు కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, నంబరు 15100. ఆడవాళ్ళకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

డబ్బు కట్టి ఉంచిన చోటైతే సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళవచ్చు. ఆశ్రమానికి కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. అందుకే ప్రతి నెలా రసీదు అడగడం మంచిది, నగదు ఇచ్చి ఊరుకుంటే కట్టినట్టే తేలదు.

మేం అమెరికాలో ఉన్నాం. ఇక్కడి నుంచి ఏం చేయగలం?

ఫిర్యాదు ఎవరైనా ఇవ్వవచ్చు. మెయిల్ ద్వారా ఇస్తే మూడు రోజుల్లో సంతకం చేయాలి కనుక ఊళ్ళో ఉన్న పిన్నో బాబాయో స్నేహితులో ఫిర్యాదుదారుగా ఉండటం తేలిక. ఎల్డర్‌లైన్‌కు కూడా వాళ్ళ చేతే చేయించండి. ఆశ్రమానికి ముందుగా ఫోన్ చేసి బెదిరించకండి, ఊళ్ళో మనిషి గుమ్మంలోకి వెళ్ళేదాకా ఆగండి. వీడియో కాల్‌లో మొహం ఒక్కటే చూపిస్తుంటే దుప్పటి తీసి చేతులు, కాళ్ళు చూపించమనండి. ఒక హెచ్చరిక, మతి పోయిన తర్వాత తల్లిదండ్రులు అంతకుముందు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు. ఆ స్థితిలో ఆస్తి, బ్యాంకు వ్యవహారాలకు కోర్టు ద్వారా సంరక్షకుడి ఉత్తర్వు తెచ్చుకోవాలి.

అమ్మే "కేసు వద్దు" అంటోంది.

మతి స్థిమితంగా ఉన్న మనిషి మాటకు విలువ ఇవ్వాలి. అయితే ఎందుకు వద్దంటోందో వినండి. "మళ్ళీ అక్కడికే పంపిస్తే చంపేస్తారు" అన్న భయమే ఎక్కువ మందిది. మళ్ళీ పంపం అని తేల్చి చెప్పి, నాలుగు రోజులు కడుపు నిండా తిని నిద్రపోయాక చాలామంది మనసు మార్చుకుంటారు. డాక్టరు పరీక్ష మాత్రం ఆ నిర్ణయం కోసం ఆగకూడదు. సాధారణ గాయం కేసుకు కోర్టులో గడువు ఏడాదే.

ఇంట్లో చూసుకోలేక మేమే పెట్టాం. మా మీదే కేసు పెడతారేమో?

2007 చట్టం 24వ సెక్షన్ పూర్తిగా వదిలించుకోవాలనే ఉద్దేశంతో ఎక్కడో వదిలేసినవాళ్ళ కోసం. డబ్బు కడుతూ, వచ్చి చూస్తూ ఉన్నవాళ్ళకు అది వర్తించదు. నలుగురూ ఏమనుకుంటారో అని ఆగిపోకండి, ఆ ఆశ్రమంలో ఇంకా వేరేవాళ్ళ అమ్మానాన్నలున్నారు.

డబ్బు, ఆస్తి విషయంలో ఏం చూసుకోవాలి?

ఏటీఎం పిన్, యూపీఐ పిన్ అదే రోజు మార్చండి. ఖాతాలో తెలియని లావాదేవీ ఉంటే మూడు పనిదినాల లోపు బ్యాంకుకు రాసివ్వండి, సైబర్ మోసమైతే 1930. వేళ్ళకు ఇంకు మరక కనిపించినా, ఏవో కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారని చెప్పినా, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆయన పేరున్న ఆస్తులన్నిటికీ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయండి. బాగా చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూసుకోకపోతే, 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. షరతు దస్తావేజులో రాసి ఉంటే పని సులువు.

బయటికి తెచ్చాక మొదటి వారం ఎలా ఉంటుంది?

రోజుల తరబడి సరిగా తినని మనిషికి వచ్చీ రాగానే కడుపు నిండా పెట్టకండి, రక్తంలో లవణాలు ఒక్కసారిగా తగ్గి ప్రమాదం వస్తుంది. జావ, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా, డాక్టరు చెప్పిన లెక్కన పెంచండి. కూర్చోబెట్టే తినిపించండి. రాత్రి చిన్న లైటు వేసి ఉంచండి. ఒళ్ళు తాకేముందు "అమ్మా, చెయ్యి తుడుస్తున్నా" అని చెప్పి తాకండి. ఇంట్లోనే మూత్రం పోసుకుంటే కసరకండి, అలా పోసుకున్నందుకే అక్కడ దెబ్బలు తిని ఉండొచ్చు.

వేరే ఆశ్రమం చూడక తప్పదు. ఈసారి ఏం చూడాలి?

పగలు పదింటికి కాదు, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి చెప్పకుండా వెళ్ళండి. ఎంతమంది మంచాన ఉన్నవాళ్ళకు ఎంతమంది రాత్రి డ్యూటీలో ఉన్నారో మీరే లెక్కపెట్టండి. మంచం పక్కన నీళ్ళ గ్లాసు చేతికి అందేలా ఉందో లేదో చూడండి. మందుల చార్టు, పక్కకు తిప్పే చార్టు చూపించమనండి. నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండి ఉంటే అది ఒకేసారి కూర్చుని రాసింది. బంధువులు ఏ వేళకైనా రావచ్చు, పడినా గాయమైనా ఆ రోజే ఫోన్ చేస్తాం అన్న రెండు మాటలూ ఒప్పంద పత్రంలో రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని చోట చేర్చకండి.